ఒక ప్లగ్గు, తొమ్మిది వోల్టులు

నా గిటార్ ప్రాసెసర్ (గిటార్ శబ్దాన్ని రకరకాలుగా మార్చే డబ్బా) వెనకవైపు, కంపెనీవాళ్ళు పెట్టిన సాకెట్ల పక్కన, నల్లటి ప్లాస్టిక్ డీసీ సాకెట్ ఒకటి అదనంగా ఉంటుంది. అది నేను పెట్టుకున్నది. అందులోంచి 9 వోల్టులు బయటికొస్తాయి. పక్కనుండే లూపర్ పెడల్ దాంతోనే నడుస్తుంది. చూసినవాళ్ళు ‘‘ఇంతేనా’’ అంటారు. ఇంతే. కానీ దాన్ని కుదురుగా పనిచేయించేసరికి 2023 డిసెంబరు సగానికి పైగా అయిపోయింది. ఆ నెలలోనే స్టేజీ మీద నన్ను కరెంటు పట్టుకుంది. ఆ రెండూ కలిపి మా వీధుల్లో ఒక మాట స్థిరపడిపోయింది: ఇంట్లో చేసుకున్న డబ్బా వల్ల వాడికి షాక్ కొట్టిందట అని. అది నిజం కాదు. ఎందుకు కాదో చెప్పాలంటే మొదటినుంచీ చెప్పాలి.

మాది ఉత్తర చెన్నైలోని వ్యాసర్పాడి. తాత నెల్లూరు వైపు నుంచి వచ్చి బిన్నీ మిల్లులో చేరాడు. 1996లో ఆ మిల్లు మూసేనాటికి నైనా కూడా అందులోనే ఉన్నాడు. నేను ఫ్యాన్లు, మిక్సీలు, నీళ్ళ మోటార్లు రిపేరు చేస్తాను, వైండింగ్ కడతాను. ఆదివారం మా తెలుగు క్రైస్తవ సంఘంలో గిటార్, మిగతా రోజుల్లో ఎవరు పిలిస్తే వాళ్ళ ఆర్కెస్ట్రాలో గిటార్. వ్యాసర్పాడి అంటే బయటివాళ్ళకి గానా పాట, ఫుట్‌బాల్ గుర్తుకొస్తాయి. 2018 జనవరిలో క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ అనే పాటల బృందం మొదటి కచేరీ కీల్పాక్‌లో జరిగాక ఉత్తర చెన్నై పాటల గురించి పేపర్లలో చాలా రాశారు, కెమెరాలు పట్టుకుని చాలామంది వచ్చారు. పాట ఎక్కణ్ణించి పుట్టింది, తాళం ఎక్కణ్ణించి వచ్చింది అని అడిగారు. ప్లగ్గు ఎక్కడ పెడతారు అని ఒక్కరూ అడగలేదు. నన్నడిగితే మొదట అడగాల్సింది అదే.

డిసెంబరు 3 ఆదివారం రాత్రి వాన ఆగలేదు. మిచౌంగ్ తుపాను. తెల్లారేసరికి ఇంట్లోకి నీళ్ళు వచ్చాయి. మంచినీళ్ళు కాదు, కాలవ నీళ్ళు, నల్లగా, నూనె వాసనతో. బేసిన్ బ్రిడ్జికీ వ్యాసర్పాడికీ మధ్య 14వ నంబరు వంతెన దగ్గర నీళ్ళు పైకొచ్చాయని సెంట్రల్ నుంచి రైళ్ళు ఆపేశారు. గణేశపురం సబ్‌వే సంగతి చెప్పక్కర్లేదు, అది చినుకు పడినా మునుగుతుంది. కరెంటు తీసేశారు. తుపాను మా మీద కూర్చుని మమ్మల్ని ముంచి, 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. అక్కడున్న మా చిన్నత్త ఫోన్ చేసి ‘‘మీ దగ్గర్నించి ఇప్పుడే మా ఇంటికొచ్చింది నాయనా’’ అంది.

రేషన్ కార్డు, పట్టుచీరలు, ప్రాసెసర్, లూపర్, వీటిని అటక మీద పెట్టాం. గిటార్ గోడకి వేలాడుతోంది కాబట్టి మిగిలింది. కింద ఉన్నవి పోయాయి: రిపేరుకి వచ్చిన మిక్సీలు, వైండింగ్ వైరు చుట్టలు, స్పైక్ బస్టర్, లూపర్ అడాప్టరు. మా పిన్ని కొడుకు, నాకు తమ్ముడు, ఇంకో వీధిలో ఉంటాడు, సంఘంలో కీబోర్డు వాయించేది వాడే. వాడి కీబోర్డు మంచం కింద ఉండిపోయింది. నీళ్ళు తగ్గాక ఎత్తితే మీటల సందుల్లోంచి బురద కారింది.

కేరల్స్ రౌండ్లు అంటే ఏమిటో తెలియనివాళ్ళకి చెప్తాను. డిసెంబరు రాత్రుళ్ళు సంఘం వాళ్ళంతా ఇంటింటికీ వెళ్ళి పాటలు పాడతారు, ఇంటివాళ్ళు కానుక వేస్తారు. దాంతోపాటు వీధి సభలు, యూత్ మీటింగులు, క్రిస్మస్ ట్రీ ప్రోగ్రాములు. గిటార్ వాయించేవాడికి సంవత్సరంలో నాలుగు రూపాయలు కనబడేది ఆ నెలలోనే. రిపేరుకొచ్చిన మిక్సీలు మునిగాయి కాబట్టి ఆ డబ్బు నేనే ఎదురు కట్టుకోవాలి. ప్రభుత్వం కార్డుకి 6,000 రూపాయలు ఇస్తామంది, అవి చేతికొచ్చేలోపే పరుపులకీ బియ్యానికీ లెక్క అయిపోయింది.

కీబోర్డు లేదు. అందుకే లూపర్ అంత అవసరమైంది. లూపర్ అంటే చిన్న పెడల్. కార్డ్స్ నాలుగు బార్లు వాయించి తొక్కితే అది పట్టుకుని తిప్పి తిప్పి వాయిస్తూనే ఉంటుంది, దాని మీద మనం లీడ్ వాయించుకోవచ్చు. ఇద్దరి పని ఒక్కడు చెయ్యొచ్చు. నా దగ్గరున్నది సబ్బుబిళ్ళ అంత మినీ రకం. బ్యాటరీ పెట్టుకునే చోటు ఉండదు. 9 వోల్టుల డీసీ ఇవ్వాలి, నా దాంట్లో 120 మిల్లీఆంపియర్ల దాకా లాగుతుంది. చిన్న చదరపు బ్యాటరీని వైరుతో తగిలిస్తే సభ సగంలో చేతులెత్తేస్తుంది.

‘‘రెండొందలు పెడితే అడాప్టరు వస్తుంది కదా’’ అని అందరూ అడిగారు. వస్తుంది, ఒకటి తెచ్చాను కూడా. రెండు చిక్కులు. మొదటిది ప్లగ్గు. రౌండ్లలో ఒక్కో ఇంటివాళ్ళు కిటికీలోంచి ఒక పాయింటు ఇస్తారు, దాని మీద మా ఎక్స్‌టెన్షన్. అందులో యాంప్, ప్రాసెసర్ పెడితే అయిపోయింది. ప్రాసెసర్ అడాప్టరు ఇటుక లాంటిది, పక్క సాకెట్‌ని కూడా కప్పేస్తుంది. రెండోది శబ్దం. ఆ చవక ఎస్ఎంపీఎస్ అడాప్టరు పెట్టగానే స్పీకర్లో కీచుమని ఒక సన్నని ఏడుపు, లూపర్ తిరుగుతున్నంతసేపూ దాని లైటు మిణుకుతో పాటే పెరుగుతూ తగ్గుతూ. చిన్న గదిలో కీర్తన పాడుతుంటే ఆ ఏడుపు భరించలేం. అప్పుడే, ప్రాసెసర్‌కి ఎలాగూ ఒక ప్లగ్గు ఉంది కదా, లూపర్‌కి కావలసింది దాని కడుపులోంచే తీస్తే పోలా అనిపించింది.

నా ప్రాసెసర్ పాత రకం, 9 వోల్టుల ఏసీ మీద నడుస్తుంది. ఇది ముఖ్యం. చాలా పెడల్స్ డీసీ అడుగుతాయి, ఇది ఏసీ అడుగుతుంది. అడుగు రేకు ఊడదీస్తే లోపల సాకెట్ పక్కనే నాలుగు డయోడ్లు, వాటి వెనక లావుపాటి కెపాసిటరు, 4700 మైక్రోఫారడ్లు, 25 వోల్టులు. ఏసీ అక్కడ డీసీ అవుతుంది. లెక్క ప్రకారం 9ని 1.414తో గుణిస్తే 12.7, డయోడ్లు రెండు తినే 1.4 తీసేస్తే 11.3 వోల్టులు. అక్కణ్ణించి ఒక వైరు తీసి, 7809 అనే మూడు కాళ్ళ రెగ్యులేటరు పెట్టి, బయటికి 9 తెచ్చుకోవచ్చని తెలిసినవాళ్ళందరూ చెప్పేదే.

కరెంటు వచ్చాక, రైళ్ళు తిరిగాక, వ్యాసర్పాడి జీవా స్టేషన్లో ఎక్కి సెంట్రల్‌లో దిగాను. చింతాద్రిపేటకి వెళ్ళే పైరైలు ఆ రోజుల్లో ఆపేసి ఉంది, అందుకని నడక. ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే రిచీ స్ట్రీట్లో కొన్ని షాపుల మెట్ల దాకా బురద గీత ఉంది. 7809, డయోడ్లు, కెపాసిటర్లు పది ఇరవైల్లో దొరికాయి. డీసీ సాకెట్ దగ్గర మాత్రం నేనూ షాపులోని పెద్దాయనా కాసేపు వాదించుకున్నాం. ఆయన ఇనప బాడీ ఉన్నది ఇచ్చాడు, గట్టిదని. గిటార్ పెడల్స్‌లో మధ్య పిన్ను నెగెటివ్, బయటి గొట్టం పాజిటివ్. బాస్, ఇబానెజ్ లాంటి జపాన్ కంపెనీల పద్ధతి అది, మిగతావాళ్ళూ దాన్నే పట్టుకున్నారు. ఇనప సాకెట్లో ఆ బయటి గొట్టం బాడీకి అతికి ఉంటుంది. దాన్ని ప్రాసెసర్ రేకుకి బిగిస్తే, రేకు నెగెటివ్ కాబట్టి, పాజిటివ్ నేరుగా నెగెటివ్‌కి తగిలి షార్టు. నేను మీటరు తీసి బీప్ అనిపించి చూపిస్తే, ఆయన తన డబ్బాలన్నీ వెతికి అడుగునుంచి ప్లాస్టిక్ సాకెట్ తీశాడు. ‘‘ముప్పయ్యేళ్ళుగా అమ్ముతున్నాను తంబీ, ఇది అడిగి కొన్నది నువ్వే’’ అన్నాడు అరవంలో.

7809 పెట్టాను. పొద్దున పూట శుభ్రంగా పనిచేసింది. సాయంత్రం ఏడయ్యేసరికి భ్‌ర్‌ర్ అని మోత. వీధిలో అందరూ మోటార్లు, గ్రైండర్లు వేసే వేళ మా ఇంట్లో వోల్టేజీ 200కి దిగుతుంది. 11.3 అన్నది పుస్తకం లెక్క. ప్రాసెసర్ ఒక ఆంపియరు దాకా లాగుతుంటే ఆ కెపాసిటరు మీద వోల్టేజీ నిలకడగా ఉండదు, సెకనుకి వందసార్లు దిగి ఎక్కుతుంది, ప్రతిసారీ రెండు వోల్టుల మేర. అంటే అడుగున 9 దగ్గరికి వచ్చేస్తుంది. 7809కి 9 ఇవ్వాలంటే లోపలికి 11 అయినా రావాలి. రానప్పుడు ఆ గుంట అలాగే బయటికి వస్తుంది. మీటరు దాన్ని పట్టుకోలేదు, సగటు చూపించి ఊరుకుంది. చెవి పట్టుకుంది. ఎందుకంటే మన కరెంటు 50 సైకిళ్ళు, నాలుగు డయోడ్ల తర్వాత 100 అవుతుంది, ఆ 100 గిటార్ కింది తీగల దగ్గరే మోగుతుంది.

మోత ఒకటైతే, ఏడుపు ఇంకోటి. లూపరూ డిజిటలే, ప్రాసెసరూ డిజిటలే. లూపర్‌కి కరెంటు దఫదఫాలుగా కావాలి. ఆ కరెంటు తిరిగి రావడానికి దానికి రెండు దారులున్నాయి: నేనిచ్చిన నెగెటివ్ వైరు ఒకటి, గిటార్ కేబుల్ పైన అల్లిక ఒకటి. రెండో దారిలో వచ్చినదంతా పాటలో కలుస్తుంది. మంచి కేబుల్ మార్చినా, వైరు లావు చేసినా తగ్గిందే కానీ పోలేదు.

దీనికి మందు ఐసోలేషన్. 2 వాట్ల డీసీ–డీసీ మాడ్యూల్ ఒకటి దొరుకుతుంది, వేలిగోరు కన్నా కొంచెం పెద్దది, నాలుగు కాళ్ళు. ఒకవైపు 5 వోల్టులు ఇస్తే రెండోవైపు 9 వస్తుంది, మధ్యలో తీగ సంబంధం ఉండదు, లోపల చిట్టి ట్రాన్స్‌ఫార్మర్ దాటిస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ అంటే నాకు కొత్త కాదు, చేత్తో చుట్టినవాణ్ణి. అందుకే ఆ ఉపాయం నాకు వెంటనే నచ్చింది. ప్రాసెసర్‌ సొంత 5 వోల్టుల జోలికి పోలేదు, అది దాని మెదడుకి వెళ్ళేది. పెద్ద కెపాసిటరు దగ్గర్నించే తీసి, 7805 పెట్టి వేరే 5 చేసుకున్నాను. 7805కి 7 వోల్టులుంటే చాలు, సాయంత్రం గుంట దాకా దిగినా దానికి బెంగ లేదు. అది వేడెక్కుతుంది, కానీ దాని వీపు గ్రౌండే కాబట్టి నేరుగా అడుగు రేకుకి బోల్టు వేశాను, రేకంతా హీట్‌సింక్ అయింది. మాడ్యూల్ బయట ఒక కాయిలు, ఒక కెపాసిటరు. అదనపు బరువుకి పాత అడాప్టరు చెయ్యి పెట్టలేనంత కాలింది. దాన్ని పక్కన పెట్టి 9 వోల్టుల 2 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్ కొని, ఫ్యూజు వేసి, వేరే పెట్టెలో బిగించాను. అది ఎక్స్‌టెన్షన్లో ఒక్క సాకెట్లోనే కూర్చుంటుంది.

నీళ్ళకి నానిన గోడ పక్కన, చాప మీద కూర్చుని చేసిన పని ఇది. సాల్డరింగ్ ఐరన్ వేడెక్కేసరికి కరెంటు పోయేది. మా ఆవిడ సెల్‌ఫోన్ లైటు పట్టుకుని ‘‘పిల్లల పుస్తకాలు ఆరబెట్టడానికి ఫ్యాను లేదు, మీకు పాటల డబ్బా కావాలా’’ అంది. జవాబు లేదు నా దగ్గర. ఒక ఫ్యాను బాగుచేసి పుస్తకాల దగ్గర పెట్టాకే మళ్ళీ దీని దగ్గర కూర్చున్నాను.

పెట్టాక మాత్రం నిశ్శబ్దం. లూపర్ తిరుగుతున్నా స్పీకర్లో ఏమీ లేదు. ఆ రాత్రి రౌండ్లలో కిటికీలోంచి ఒకే పాయింటు తీసుకుని, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లోంచి పాతవి, యూత్ పిల్లలు అడిగే కొత్తవి, అన్నీ ఒక్కణ్ణే లాగించాను. తమ్ముడు కీబోర్డు లేక డోలక్ పట్టుకున్నాడు.

క్రిస్మస్ ముందు శుక్రవారం వీధి సభ. రోడ్డుకి అడ్డంగా బల్లలు వేసి స్టేజీ, పైన టార్పాలిన్. సౌండ్ సర్వీసువాళ్ళు మైకులకీ స్పీకర్లకీ జనరేటర్ పెట్టారు. నా యాంప్‌కీ లైట్లకీ పక్కింట్లోంచి లైను లాగారు. అంటే మైకు ఒక కరెంటు మీద, గిటార్ ఇంకో కరెంటు మీద. మా వైపు ఇలాగే జరుగుతుంది, ఎవరికీ వింతగా ఉండదు. బల్లల మీద తడి ఉంది. నేను చెప్పులు విప్పి ఎక్కాను, ప్రార్థన స్టేజీ కాబట్టి.

మొదటి పాట వాయిద్యమే, ఏమీ కాలేదు. రెండో పాటకి పాడాలి. ఎడమ చేత్తో జీ కార్డ్ పట్టుకుని మైకుకి నోరు ఆనించాను.

చెయ్యి మూసుకుపోయింది. గిటార్ మెడ మీద వేళ్ళు బిగిసిపోయాయి, విప్పుదామంటే నా మాట వినలేదు. దవడ కరుచుకుంది. కేక వెయ్యాలనుకున్నాను, గొంతు రాలేదు. కళ్ళ ముందు తెల్లగా, చెవుల్లో పెద్ద మోత. ఆ మోత నా తలలోది కాదు, స్పీకర్లలోదే అని తర్వాత చెప్పారు. కింద కూర్చున్నవాళ్ళు పాట మొదలైందనుకున్నారట. కుడిచేతిలో ప్లాస్టిక్ పిక్ ఉంది, ఆ చెయ్యి మాత్రం ఖాళీగా కొట్టుకుంటోంది. తమ్ముడు నా మొహం చూసి, నన్ను పట్టుకోకుండా, ఎక్స్‌టెన్షన్ వైరు పట్టుకుని గోడ దాకా లాగి పీకేశాడు. నన్ను పట్టుకుని ఉంటే ఇద్దరం పోయేవాళ్ళం. వాడికి ఆ తెలివి నా షాపులో కూర్చుని నేర్చుకున్నదే. వెనక్కి డ్రమ్ము మీద పడ్డాను.

ఆటోలో స్టాన్లీ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఈసీజీ తీశారు, రాత్రంతా ఉంచుకుని పొద్దున మళ్ళీ తీసి పంపారు. గుండెకి ఏమీ కాలేదు. పెదవి మీద బొబ్బ, ఎడమ చేతి మూడు వేళ్ళ కొసల మీద తీగల వెడల్పున తెల్లగా కాలిన గీతలు. భుజం, మెడ, ఎవరో పిండేసినట్టు నొప్పి. చేతిలో గ్లాసు పట్టుకుంటే వణికేది. క్రిస్మస్ రోజు గుడిలో వెనక బెంచీ మీద కూర్చున్నాను. డిసెంబరు 31 రాత్రి ఆరాధన, తర్వాత ఒప్పుకున్న రెండు కచేరీలు, అన్నీ వేరేవాళ్ళకి వెళ్ళాయి. సంక్రాంతి దాటాక కానీ తీగ మీద వేలు నొక్కలేకపోయాను. అసలు నొప్పి అది కూడా కాదు. రాత్రుళ్ళు దవడ బిగిసి మెలకువ వచ్చేది. ఆ బిగువు నిజమో కలో తేల్చుకోవడానికి వేళ్ళు ఆడించి చూసుకునేవాణ్ణి.

ఇంటికి చూడ్డానికి వచ్చినవాళ్ళు నా కన్నా ముందు ప్రాసెసర్‌ని చూశారు. ‘‘అదేనా?’’ అనేవారు. మా సంఘం పాస్టరు అయ్యగారు కూడా మెత్తగా అన్నారు, ‘‘బాబూ, కంపెనీ వస్తువుని మనం కదిలించకూడదు గదా.’’ సౌండ్ సర్వీసు కుర్రాళ్ళు అప్పటికే ఊరంతా చెప్పేశారు. వాళ్ళని అనడానికి లేదు, నేనే వాళ్ళ చోట ఉన్నా ఇంట్లో చేసిన డబ్బానే అనుమానిస్తాను.

మా పెదనాన్న పెరంబూరు ఐసీఎఫ్ రైలుపెట్టెల ఫ్యాక్టరీలో, ఎలక్ట్రికల్ సెక్షన్లో చేసి రిటైరయ్యాడు. ఆయన మాట్లాడలేదు. ‘‘ఆ రోజు సౌండ్ సర్వీసువాళ్ళు వాడిన ఎక్స్‌టెన్షన్ డబ్బా అలాగే తెప్పించు, ఎవ్వరూ ముట్టుకోకూడదు’’ అన్నాడు. అయ్యగారి ఇంటి వసారాలో, అందరి ముందూ, ఆయన టెస్టింగ్ లాంపు తీశాడు: హోల్డర్లో 60 వాట్ల బల్బు, రెండు వైర్లు. మీటరు వద్దన్నాడు. దానికి కారణముంది. ఎస్ఎంపీఎస్ ఉన్న ఏ వస్తువైనా ఎర్తు లేకపోతే దాని బాడీ మీద నూరు వోల్టుల పైన చూపిస్తుంది. అది జిలజిలమనే లీకేజీ, అందులో సత్తా ఉండదు, బల్బు వెలగదు. బల్బు వెలిగిందంటే అది మనిషిని చంపే కరెంటు.

ఆ డబ్బాలో నా యాంప్ ఒక్కటే పెట్టాడు. గిటార్ లేదు, లూపర్ లేదు, ప్రాసెసర్ ఇంట్లో ఉంది. ఒక వైరు యాంప్ బాడీకి, ఇంకోటి మున్సిపల్ కుళాయి ఇనప పైపుకి. బల్బు నిండుగా వెలిగింది. యాంప్ తీసేసి, ఇంట్లోంచి నా ప్రాసెసర్ తెప్పించి, దాని ట్రాన్స్‌ఫార్మర్ పెట్టెతో సహా అదే డబ్బాలో పెట్టి, బాడీకీ పైపుకీ వైర్లు పెట్టాడు. బల్బులో తీగ ఎరుపు కూడా ఎక్కలేదు. నేను చేసిన సాకెట్‌కి పెట్టాడు. ఏమీ లేదు. ‘‘చాలా?’’ అన్నాడు పెదనాన్న. అయ్యగారు నా భుజం మీద చెయ్యి వేశారు.

తర్వాత ఎక్స్‌టెన్షన్ డబ్బా విప్పాడు. లోపల ఎర్తు పిన్నుకీ న్యూట్రల్‌కీ మధ్య చిన్న వైరు ముక్క కొట్టి ఉంది. డబ్బా చివర ఉన్నది రెండు పిన్నుల ప్లగ్గు, ఎటు తిప్పినా దూరుతుంది. మామూలుగా దూరిస్తే న్యూట్రల్ న్యూట్రల్‌గానే ఉంటుంది, ఏమీ తెలియదు. తిరగేసి దూరిస్తే న్యూట్రల్ వైరు ఫేజు అవుతుంది, దాంతోపాటు ఎర్తు పిన్నూ ఫేజే. మూడు పిన్నుల ప్లగ్గు ఉన్న నా యాంప్ బాడీకి మొత్తం 230. అక్కణ్ణించి కేబుల్ అల్లిక మీదుగా ప్రాసెసర్, లూపర్, గిటార్ బ్రిడ్జి, తీగలు. మైకు జనరేటర్ వైపు నుంచి నేలకి కలిసి ఉంది. మధ్యలో నా చెయ్యీ పెదవీ. నా లోపలి మాడ్యూల్ దీన్ని ఆపనూ లేదు, తేనూ లేదు. అది లూపర్ కరెంటుని మాత్రమే వేరు చేస్తుంది, కేబుల్ అల్లికని తెంచదు.

ఇది మన వీధుల్లోనే జరిగేది అనుకోకండి. 1972 మే 3న బ్రిటన్‌లోని స్వాన్‌సీలో స్టోన్ ది క్రోస్ బృందం గిటారిస్టు లెస్ హార్వీ స్టేజీ మీద సరైన ఎర్తు లేని మైకు ముట్టుకుని కరెంటు కొట్టి చనిపోయాడు. యార్డ్‌బర్డ్స్ పాటగాడు కీత్ రెల్ఫ్ 1976లో ఇంట్లో గిటార్ వాయించుకుంటూ కరెంటుకి పోయాడు. వాళ్ళ పేర్లు నాకు తర్వాతే తెలిశాయి. తెలిసిన రాత్రి నిద్ర పట్టలేదు.

సౌండ్ సర్వీసు ఓనరు వచ్చాడు. నా కన్నా చిన్నవాడు. గొడవపడదామనే ఉన్నాను కానీ అతను ముందే అన్నాడు: ‘‘అన్నా, ఎర్తు లేకపోతే హమ్ వస్తుంది. హమ్ వస్తే స్టేజీ మీంచే మైకులో తిడతారు. ఈ లింకు కొడితే హమ్ పోతుంది. మా దగ్గరే కాదు, అన్ని డబ్బాల్లోనూ ఇంతే. ఏ ఇంట్లో లైను తీసుకున్నా మూడో కన్నం వెనక వైరే ఉండదు, ఏం చెయ్యమంటావు?’’ తప్పు అతనిదే. కానీ ఆ చివరి మాటకి నా దగ్గరా సమాధానం లేదు, ఎందుకంటే మా ఇంట్లోనూ ఆ కన్నం వెనక ఏమీ లేదు. ఆసుపత్రి ఖర్చు కొంత ఇచ్చాడు. డబ్బాలు అన్నీ తన ముందే విప్పించి లింకులు తీయించాను, రెండు పిన్నుల ప్లగ్గులు కోయించాను.

గుడికి మాత్రం ఎర్తు పిట్ తవ్వుకున్నాం. పెదనాన్న దగ్గరుండి చూశాడు: రెండున్నర మీటర్ల జీఐ పైపు, చుట్టూ బొగ్గు, ఉప్పు, పైన నీళ్ళు పోయడానికి గరాటు. ఎండాకాలంలో దానికి నీళ్ళు పోసే డ్యూటీ యూత్ పిల్లలది. మెయిన్‌లో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాం. ఏ మనిషి గుండానైనా ఆ పాటి కరెంటు నేలకి పోయిందంటే సెకనులో మూడో వంతు గడవకముందే కట్ చేసేస్తుంది. బయటి కచేరీలకి అలాంటిదే ఒకటి డబ్బాలో బిగించుకుని తీసుకెళ్తాను. దాని ముందు ఎవరి లైనైనా సరే, దాని వెనకే నా యాంప్. పాడే ముందు టెస్టరుతో తీగలు చూస్తాను. మైకుని మొదట వేళ్ళ వెనకవైపుతో తాకుతాను, కరెంటుంటే చెయ్యి ముడుచుకుని దూరం పోతుందే కానీ పట్టుకోదు. స్టేజీ కమిటీవాళ్ళు గడియారం చూసుకుంటారు, ఒకరిద్దరు నవ్వుతారు. నవ్వనీ.

ఇంట్లో ఎర్తు పెట్టించుకుందామని ఇంటి ఓనరుని అడిగితే గచ్చు పగలగొట్టనివ్వనన్నాడు. అందుకని ఇంట్లో యాంప్ పెట్టను, ప్రాసెసర్‌కి హెడ్‌ఫోన్లు తగిలించుకుంటాను. తమ్ముడు వేరే కీబోర్డు కొన్నాడు, పాతదే. నా ప్రాసెసర్లోంచే దానికీ ఒక వైరు తియ్యమన్నాడు. దానికి 12 వోల్టులు, మధ్యలో పాజిటివ్. కుదరదురా, అడాప్టరు కొనుక్కో, కొన్నాక నాకు చూపించకుండా ప్లగ్గులో పెట్టకు అన్నాను.